ఈ దరువు ఎవరిది?

మా ఆపా కూతురి షాదీలో మర్ఫా మోగలేదు.

వాయించేవాళ్లు రాక కాదు. వచ్చారు. ఏడుగురు. ఫంక్షన్ హాల్ గేటు బయట వేపచెట్టు కింద డోళ్లు పక్కన పెట్టుకుని కూచున్నారు. మా దూల్హాభాయ్ నెల ముందే బయానా ఇచ్చి పిలిచాడు వాళ్లని. తీరా బరాత్ వచ్చే వేళకి లోపల్నుంచి కబురు. గానా బజానా ఉంటే ఖాజీసాబ్ నిఖా చదవరట. మగపెళ్లివాళ్ల పెద్దలూ అదే మాటన్నారు. ఆడపిల్ల తండ్రి, ఏం మాట్లాడతాడు? తలూపాడు.

ఆ సంగతి బయటికెళ్లి చెప్పే పని నా నెత్తిన పడింది. వాళ్లలో పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. "ఖానా తిని వెళ్లండి చాచా" అన్నాను. అంతకంటే ఏమనాలో తెలీలేదు. "క్యా బోల్తూఁ బేటీ, మేరా నిఖా భీ ఇసీచ్ మర్ఫే పే హువా" అన్నాడాయన. ఏం చెప్పను బిడ్డా, నా నిఖా కూడా ఈ మర్ఫా మీదే అయింది అని. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

లోపల నిఖా జరిగిపోయింది. జోడా డబ్బు ఎంతో అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు. పక్క గదిలో మంచం, బీరువా, ఫ్రిజ్, మోటారు సైకిలు వరసగా పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించారు. వాటిని చూసి ఏ పెద్దమనిషీ నిఖా ఆపలేదు. ఏ గడ్డమూ వణకలేదు. తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి కొన్న సామాను హలాల్. చెట్టుకింద డోలు హరామ్.

వారం తిరక్కముందే ఇంకో సంగతి జరిగింది. మా ఆఫీసులో చిన్నవయసు పిల్లలు కొందరు జూబ్లీహిల్స్‌లో ఏదో క్లబ్బులో సల్సా నైట్ అని పోతూ నన్నూ పిలిచారు. పిలిచిన పిల్లే మళ్లీ నాలుక్కరుచుకుంది. "సారీ మేడమ్, మీకు కుదరదేమో కదా. మీవాళ్లల్లో మ్యూజిక్కూ డాన్సూ ఉండవంట కదా?" అంది. ఆ 'మీవాళ్లల్లో' అన్నమాట కోసమే నేను వెళ్లాను.

గోడకి ఆనుకుని లైమ్ సోడా తాగుతూ గంటసేపు చూశాను. మంచిగనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. నేర్పే కుర్రాడు లెక్క పెడుతున్నాడు. వన్, టూ, త్రీ. ఫైవ్, సిక్స్, సెవెన్. నాలుగూ ఎనిమిదీ ఏమైనై అనడిగాను పక్కనున్న పిల్లని. "అవి లెక్కలో ఉంటై మేడమ్, కానీ నోటితో అనరు" అంది. ఆ మాట నా మనసులో దిగబడిపోయింది.

ఆఖర్న, అందరూ అలిసిపోయాక, పాటలు పెట్టేవాడు సరదాకి మన దరువు పెట్టాడు. అంతే. అప్పటిదాకా కాలి మునివేళ్ల మీద లెక్క తప్పకుండా తిరిగినవాళ్లంతా చేతులు పైకెత్తి ఊగిపోయారు. నా కాలు కూడా కదిలింది. "మేడమ్ కూడా!" అని చప్పట్లు. "ఇది మర్ఫా" అన్నాను. "కాదు మేడమ్, తీన్‌మార్. నిమజ్జనంలో వేస్తరు కదా, అది" అన్నాడొకడు. ఆ అబ్బాయి హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగాడు.

పెళ్లిలో మావాళ్లు ఆ దరువుని మాది కాదన్నారు. క్లబ్బులో వీళ్లకి అది మాదని తెలియనే తెలియదు. ఈ రెంటి మధ్య నలుగుతున్న మనుషులు చెట్టుకింద ఏడుగురున్నారు. వాళ్ల గురించి ఈ వ్యాసం.

*

ముందు సల్సా సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే జూబ్లీహిల్స్ పిల్లలకి అది నాజూకు. ఇంగ్లీషులాగా, కారులాగా ఎక్కి కూచునేది. అదెక్కడి నుంచి వచ్చిందో వాళ్లకెవరూ చెప్పలేదు.

సల్సా అంటే స్పానిష్‌లో పచ్చడి అని అర్థం. న్యూయార్క్‌లో 1964లో మొదలైన ఫానియా అనే రికార్డుల కంపెనీ 1970లలో ఆ పేరుని ప్రపంచమంతా అమ్మింది. సల్సా తినేదేగానీ వాయించేది కాదని, తాను వాయించేది క్యూబా సంగీతమని టిటో ప్వెంతే లాంటి పెద్ద వాద్యకారుడే చిరాకుపడేవాడు. మరి క్యూబా సంగీతం ఎవరిది? చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్న ఆఫ్రికా బానిసలది. క్యూబాలో బానిసత్వం రద్దయింది 1886లో. మన తాతల తాతలు బతికున్న కాలం అది. అంత దగ్గరి సంగతి.

రుంబా అనే మాట వినగానే మీకు తళుకుల బట్టలు గుర్తొస్తాయేమో. అసలు రుంబా హవానా, మతాన్సాస్ రేవుల్లో బరువులు మోసే నల్లకూలీలది. డోలు మోగిస్తే పోలీసులొస్తారు. డోలు లేకపోతే? ఓడల్లో ఉప్పుచేపలూ కొవ్వొత్తులూ వచ్చిన చెక్కపెట్టెలు బోర్లించి వాటిమీద కొట్టారు. ఇప్పటికీ ఆ పెట్టె వాద్యమే. కాహోన్ అంటారు. పెట్టె అనే దాని అర్థం. నల్లవాళ్ల వాడల నుంచి పండగకి ఆడుతూ పాడుతూ బయల్దేరే గుంపుల్ని, కొంపార్సాలంటారు, హవానా పెద్దమనుషులు అనాగరికమని ఏళ్ల తరబడి వీధుల్లోకి రానివ్వలేదు. 1937లో మళ్లీ రానిచ్చారు. నల్లవాళ్ల మీద ప్రేమ పుట్టి కాదు. టూరిస్టులకి చూపించుకోవడానికి పనికొస్తాయని తెలిసొచ్చింది. 2016లో యునెస్కో రుంబాని మానవజాతి వారసత్వం జాబితాలో చేర్చింది. పెట్టె మీద కొట్టినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

డొమినికన్ రిపబ్లిక్‌లో బచాటాదీ ఇదే కథ. క్లబ్బు పిల్లలు కళ్లు మూసుకుని ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి ఆడే బచాటా ఉందే, 1960లలో అది గుడిసెల పాట. సారాకొట్ల పాట. మర్యాదస్తుల ఇళ్లలో పెట్టనిచ్చేవాళ్లు కాదు. 1990లో చదువుకున్న సంగీతకారుడు హువాన్ లూయిస్ గెర్రా దానికి ఇస్త్రీ చేసి రికార్డు తెచ్చాక అది డ్రాయింగ్ రూముల్లోకి నడిచింది. 2019లో దానికీ యునెస్కో ముద్ర పడింది.

ఇలా ఎన్నైనా చెప్పొచ్చు. దరువు పుట్టేది అంటరానివాళ్ల వాడలో. దాన్ని ముందు నిషేధిస్తారు. తర్వాత ఎక్కిరిస్తారు. తర్వాత నేర్చుకుంటారు. ఆఖర్న టికెట్టు పెడతారు. ఈ మెట్లన్నీ ఎక్కి పైకొచ్చేసరికి దరువు ఉంటుంది, మనిషి ఉండడు. నాలుగూ ఎనిమిదీ లాగా. లెక్కలో ఉంటాడు. నోటితో పేరెత్తరు.

ఇబ్రహీం ఫెరేర్ అని ఒక క్యూబా గాయకుడు. పేరు ఇబ్రహీమేగానీ ముస్లిం కాదు. 1927లో తల్లికి నొప్పులొచ్చింది కూడా ఒక క్లబ్బులో డాన్సు జరుగుతుండగానేనట. ముసలితనంలో పాట మానేసి, బూట్లకి పాలిష్ పెట్టుకుని బతుకుతుంటే 1996లో వెతికి పట్టుకొచ్చి పాడించారు. ఆ రికార్డు పేరు బ్వేనా విస్తా సోషల్ క్లబ్. హవానాలో తెల్లవాళ్ల క్లబ్బుల్లోకి నల్లవాళ్లని రానివ్వని రోజుల్లో, నల్లవాళ్లు తమకోసం పెట్టుకున్న ఒక క్లబ్బు పేరది. ప్రపంచమంతా ఆ పాటలకి ఊగింది. 2004లో ఆయనకి అమెరికాలో గ్రామీ బహుమానం వచ్చింది. తీసుకుందామంటే వీసా ఇవ్వలేదు. అమెరికా ప్రయోజనాలకి హాని చేసేవాళ్ల కోసం రాసుకున్న సెక్షను ఆయన మీద పెట్టారు. అప్పటికాయనకి డెబ్భై ఆరేళ్లు. పాటకి వీసా ఉంది. పాడినవాడికి లేదు.

ఇది మాకు కొత్త కాదు. మా బిర్యానీకి ఈ నగరంలో ప్రతి గల్లీలో తావుంది. మాకు అద్దె ఇల్లు లేదు. ఫోనులో ఇల్లు ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పగానే "మొన్ననే ఎవరికో ఇచ్చేసినం" అంటారు.

*

అయితే ఒక మాట. డాన్సు హాలంటేనే దోపిడీ అని నేనడం లేదు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద పలాడియం అని ఒక హాలుండేది. 1940ల చివరి నుంచి 1966లో మూతపడేదాకా అది మాంబో డాన్సుకి పేరు మోసిన చోటు. నల్లవాళ్లు, పోర్టోరికోవాళ్లు, యూదులు, ఇటలీవాళ్లు, అందరూ ఒకే నేల మీద ఆడారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లమనిషి తెల్లమనిషి పక్కన బస్సులో కూచోలేని కాలం అది. అక్కడ వాయించిన బృందాల్లో గొప్పది మచీతో బృందం. 1940లో పెట్టినప్పుడే దాని పేరేం పెట్టారో తెలుసా? ఆఫ్రో క్యూబన్స్. మేం క్యూబావాళ్లం, అందులోనూ ఆఫ్రికా బిడ్డలం అని బోర్డు మీదే రాశారు. ఒంటిరంగు దాచుకోలేదు. ముందు మా పేరు చదువు, తర్వాత ఆడు అన్నారు.

తేడా అంతా అక్కడుంది. కలిసి ఆడడం గొప్పే. కానీ ఎవరి పేరూ చెరపకుండా కలిసి ఆడడం గొప్ప. నా పేరు నా దగ్గర్నుంచి గుంజుకుని, ఇప్పుడు రా, అందరం ఒక్కటే అంటే, ఆ ఒక్కటి నువ్వే అవుతావు. నేను కాను.

*

లాటిన్ సంగీతంలో ఒక పాయ ఆఫ్రికా అయితే ఇంకో పాయ స్పెయిన్. ఆ పాయలో చెయ్యి పెట్టి తడిమితే మళ్లీ మేమే తగుల్తాం. క్యూబా పల్లెపాటల్లో ఇప్పటికీ లాఊద్ అనే తీగవాద్యం వాయిస్తారు. బ్వేనా విస్తా రికార్డులో కూడా ఉంది. అది అరబ్బీ అల్‌ఊద్. స్పెయిన్‌లో అదూఫే అనేది మన దఫ్. ఎనిమిది వందల ఏళ్లు అక్కడ ముస్లింలు బతికారు మరి.

1492లో గ్రనడా రాజ్యం పడిపోయింది. మీ మతం, మీ ఆచారం మీకుంటాయని ఒప్పంద పత్రం మీద రాసిచ్చారు గెలిచిన రాజూ రాణీ. పదేళ్లయినా ఆగలేదు. గుంపులు గుంపులుగా క్రైస్తవంలో కలిపేశారు. కలిపాక వాళ్లకి మోరిస్కోలని పేరు పెట్టారు. మతం మారినా అనుమానం పోలేదు. 1567లో రెండో ఫిలిప్ రాజు చట్టం తెచ్చాడు. అరబ్బీ మాట్లాడొద్దు. మీ బట్టలు కట్టొద్దు. ఆడవాళ్లు ముఖం మీద ముసుగేసుకోవద్దు. హమామ్‌లలో స్నానం చెయ్యొద్దు. పెళ్లిళ్లలో మీ జాంబ్రా ఆడొద్దు. జాంబ్రా అంటే వాళ్ల ఆటాపాటా. అందరూ కలిసి ఆడుకునేది. ఒక రాజ్యం కూచుని, ఆడపిల్ల పెళ్లిలో డోలు మోగకూడదని చట్టం రాసింది. చదువుతుంటే మా ఫంక్షన్ హాల్ గేటు గుర్తొచ్చింది నాకు.

అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములేయ్ అనే ముసలి మోరిస్కో గ్రనడా అధికారుల ముందు ఒక అర్జీ పెట్టాడు. ఆ అర్జీ ఇప్పటికీ ఉంది. అందులో ఆయన చెప్పిన సంగతి వినండి. జాంబ్రా మతం కాదు, ఈ నేల ఆచారం అన్నాడు. ఇస్లాం రోజుల్లో నిష్ఠాపరులైన ఆలిములు దీన్ని మెచ్చేవాళ్లు కాదన్నాడు. వేరే దేశాల ముస్లింలకి ఈ ఆట లేదన్నాడు. అదీగాక గ్రనడా మొదటి ఆర్చిబిషప్పు తలవేరా తన కాలంలో చర్చి ఊరేగింపుల్లో జాంబ్రాని దగ్గరుండి ఆడించాడని గుర్తుచేశాడు.

చూశారా? ఆలిముకి అది తగినంత ఇస్లాం కాదు. రాజుకి అది మరీ ఇస్లాం. ఇద్దరి చేతిలోనూ నలిగింది ఒక్క డోలే. అర్జీ బుట్టదాఖలైంది. 1568లో తిరుగుబాటు లేచింది. అణిచేశారు. బతికినవాళ్లని ఊళ్లకి ఊళ్లు చెదరగొట్టారు. 1609 నుంచి 1614 దాకా సుమారు 3 లక్షలమందిని ఓడలెక్కించి దేశం నుంచి వెళ్లగొట్టారు. ఇవాళ గ్రనడాలో సాక్రోమోంతే గుహల్లో జిప్సీలు జాంబ్రా అనే పేరుతోనే ఆడుతున్నారు. టూరిస్టులు టికెట్టు కొనుక్కుని చూస్తున్నారు. ఆట ఉంది. మోరిస్కో లేడు.

*

ఇప్పుడు మన మర్ఫా దగ్గరికి రండి.

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని ఒక బస్తీ ఉంది. రోజూ ఆ దారిన పోయేవాళ్లకే ఏసీ అంటే ఏమిటో తెలియదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం గుర్రపుదళంలో పనిచేసిన హబ్షీల బస్తీ అది. వనపర్తి రాజా దగ్గరుండే పటాలం నిజాం కొలువులోకి వచ్చింది. హబ్సిగూడలో ఫ్లాటు కొన్నవాళ్లకి ఆ పేరులో హబ్షీ ఉన్నాడని తెలుసా? సిద్దిఅంబర్ బజార్‌లో సరుకు కొనేవాళ్లకి అందులో ఒక సిద్దీ ఉన్నాడని తెలుసా? బార్కస్ అంటే బారక్స్. హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు ఉన్న చోటు. ఈ హబ్షీలూ ఈ అరబ్బులూ తెచ్చిన దరువు మర్ఫా. డోలు, దఫ్, ఇత్తడి బిందో స్టీలు బిందో, కర్రలు. ముందు కత్తులూ కర్రలూ తిప్పుతూ ఆడేవాళ్లు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది. రాజ్యం పోయింది. పటాలం పోయింది. జీతం పోయింది. చేతుల్లో మిగిలింది డోలు ఒక్కటే. దాన్ని పెళ్లిళ్లకి కిరాయికిచ్చి పిల్లల్ని సాకారు.

క్యూబాకి పోయింది ఆఫ్రికానే. మన దగ్గరికొచ్చిందీ ఆఫ్రికానే. అక్కడ చెరకు తోటకి, ఇక్కడ గుర్రపుశాలకి. రెండు చోట్లా మనిషి ఓడిపోయాడు, దరువు గెలిచింది. ఆ దరువు ఎంత గెలిచిందంటే, ఇవాళ ఈ నగరంలో హిందువు పెళ్లికి అదే, ముస్లిం పెళ్లికి అదే, వినాయకుడి ఊరేగింపుకి అదే, ఎమ్మెల్యే గెలిస్తే అదే. దీన్ని మించిన లౌకికవాది ఈ నగరంలో ఎవరున్నారు? అయినా లౌకిక మిత్రుల పుస్తకాల్లో, సభల్లో, జానపద కళల జాబితాల్లో మర్ఫా ఎన్నిసార్లు కనపడింది? డప్పు గురించి రాశారు. రాయాలి. మాదిగ డప్పు తలెత్తుకుని నిలబడిందంటే మాదిగలు తమ పేరుని ముందు పెట్టుకుని కొట్లాడారు గనక. మా మర్ఫాకి ఆ పేరు కూడా మిగల్చలేదు. తీన్‌మార్ అన్నారు. మూడు దెబ్బలట. ఆ మూడు దెబ్బలూ ఎవరి వీపు మీద పడ్డాయో అడగలేదు.

లౌకిక మిత్రులారా, కళకి మతమేమిటని మీరంటారని తెలుసు. ఎన్నోసార్లు విన్నాను. కళకి మతం లేదు సరే. కళాకారుడికి ఇల్లుందా? వాడి వాడకి నీళ్లు వస్తాయా? సల్సా నేర్చుకోడానికి నెలకింతని కడతారు. మర్ఫావాళ్లతో మాత్రం బయానా దగ్గరే గీచిగీచి బేరమాడతారు. అదే మీ లౌకికవాదమైతే అది మా చెట్టుకిందికి ఇంకా రాలేదు.

*

ఇక మావాళ్ల సంగతి. బయటివాళ్ల ముందు ఇంటిగుట్టు విప్పుతావా అంటారు. విప్పుతాను. గుట్టుగా ఉంచి ఉంచే ఇంతదాకా తెచ్చుకున్నాం.

నేను ఆలిమాని కాను. కానీ చదువుకున్నదాన్ని. సంగీతం విషయంలో ఆలిముల మధ్యనే అభిప్రాయభేదాలున్నాయి. వెయ్యేళ్లుగా ఉన్నాయి. ఉండనీయండి. అయితే సహీ బుఖారీలో ఒక ఈద్ రోజు సంగతి ఉంది. మస్జిదె నబవీలో హబ్షీలు బల్లేలూ డాళ్లూ తిప్పుతూ ఆడుతుంటే రసూలుల్లా తన వెనక నిలబెట్టి హజ్రత్ ఆయిషాకి చూపించారు. ఆమెకి విసుగు పుట్టేదాకా ఆగారు. ఈద్ రోజు ఇద్దరు అమ్మాయిలు ఆమె ఇంట్లో పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ గద్దించారు. రసూలుల్లా వద్దని వారించారు, పండగ కదా పాడుకోనీ అన్నారు. మౌల్వీసాబ్, ఇవి నాకంటే మీకు బాగా తెలుసు. మదీనా మసీదులో ఆడిన హబ్షీకి దొరికిన మర్యాద, హైదరాబాద్ ఫంక్షన్ హాల్లో హబ్షీ మనవడికి ఎందుకు దొరకదు?

పెళ్లి ఖర్చు తగ్గాలంటారా? నేను రెండు చేతులూ ఎత్తి మద్దతిస్తాను. అర్ధరాత్రి స్పీకర్లు పెట్టి వాడకి నిద్ర లేకుండా చెయ్యొద్దంటారా? నేనూ అదే అంటాను. అయితే పొదుపు మర్ఫావాడి కూలి దగ్గరే ఎందుకు మొదలవుతుంది? జోడా డబ్బు దగ్గర ఎందుకు మొదలవదు? ఫలానా ఇంట జోడా తీసుకుంటున్నారు, నేను నిఖా చదవను అని ఆ రోజు ఒక్క నోరు లేచి ఉంటే, మర్ఫా వద్దన్న మాటని కూడా నేను తలవంచి వినేదాన్ని. లేవలేదు. బలవంతుడి పాపం కనపడదు. పేదవాడి డోలు చప్పుడు మాత్రం వినపడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఆడదాన్ని గనక. మా నానీమా కాలంలో పెళ్లికి వారం ముందు నుంచే ఢోలక్ పాటలు. ఆడవాళ్లంతా ఒక గదిలో చేరి, అత్తని తిట్టి, ఆడబిడ్డని ఎక్కిరించి, మొగుడి గడ్డం మీద పాట కట్టి, పడీపడీ నవ్వేవాళ్లు. ఆ గదిలో బుర్ఖా లేదు, భయం లేదు. సంవత్సరమంతా మింగిన మాటలు ఆ వారంలో కక్కుకునేవాళ్లు. ఆ ఢోలక్ని కూడా జహాలత్ అని అటకెక్కించారు. ఇప్పుడు మా పిల్లలకి రెండే దార్లు. మూల కూచుని మొబైల్ చూడ్డం, లేదా ఎవరికీ చెప్పకుండా క్లబ్బుకి పోయి గోడకి ఆనుకోవడం. మా ఇంట్లో మా కాళ్లకి చోటు లేకుండా చేసి, పరాయి చోట కదిలాయని మా కాళ్లనే తిడతారు.

మా అబ్బాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఊళ్లో మావి మూడే ఇళ్లు. పీర్ల పండగొస్తే ఊరంతా మాదే. అలావా గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడేది గొల్లలు, మాదిగలు, చాకళ్లు, మేం, అందరమూ. పీరు ఎత్తుకునే ఆయన ముదిరాజ్. ఆయన కొడుక్కి హుస్సేన్ అని పేరు. ఆ ఆటలో మా పేరు ఎవరూ చెరపలేదు. వాళ్ల పేరు మేం చెరపలేదు. హసన్, హుస్సేన్ అని అరుస్తూనే ఆడారు అందరూ. మా పలాడియం అది. బ్రాడ్‌వే మీద లేదు, బొడ్రాయి పక్కన ఉంది. ఇప్పుడు దాన్ని ఒకవైపు నుంచి షిర్క్ అని కొందరు, ఇంకోవైపు నుంచి తురకల పండగ మీకెందుకురా అని కొందరు కలిసి గుండం పూడ్చాలని చూస్తున్నారు. గ్రనడా ఎంతో దూరంలో లేదు.

*

సల్సా ఆడే పిల్లల మీద నాకు కోపం లేదు. ఆడండి. బాగా ఆడండి. కానీ ఆ చెక్కపెట్టె ఎవరిదో తెలుసుకుని ఆడండి. తర్వాత మీ ఊళ్లో మోగే డోలు ఎవరిదో కనుక్కోండి. దానికి తీన్‌మార్ అని కాదు, మర్ఫా అని పేరుంది. వాయించేవాళ్లకి కూడా పేర్లున్నాయి. అడిగితే చెబుతారు. ఎవరూ అడగరు.

మా పెద్దలకి ఒక్కటే మాట. మమ్మల్ని మాకు కాకుండా చేసే పని బయటివాళ్లు చాలామంది చేస్తున్నారు. ఆ పని మీరు కూడా చెయ్యక్కర్లేదు.

నా మటుకు నేను నిర్ణయం చేసుకున్నాను. మా చిన్నోడి షాదీ వచ్చే శీతాకాలంలో. జోడా తీసుకోం. రుక్కాలో వలీమా దావత్ పక్కనే మర్ఫా అని, వాయించేవాళ్ల పేర్లతో సహా అచ్చు వేయిస్తాం. జోడా లేని నిఖాని, మర్ఫా ఉన్న నిఖాని చదివే ఖాజీసాబ్ కోసం ఇప్పట్నించే వెతుకుతున్నాం. ఆడవాళ్ల గదిలో ఢోలక్ ఉంటుంది. ఆఫీసు పిల్లల్ని కూడా పిలుస్తాను. నాలుగూ ఎనిమిదీ గట్టిగా అనేవాళ్లనే రమ్మంటాను.

ఆ రోజు చెట్టుకింద చాచా ఖానా తినలేదు. ఫోన్ నంబరు మాత్రం ఇచ్చాడు. రాసుకున్నాను.